మలుపుల దారిలో మెలకువ

తూర్పు కనుమల ఒడిలో, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న సుందరమైన లోయ అరకు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది ఉన్నది. పసుపుపచ్చని వలిసె పూలు, కాఫీ తోటలు, తెల్లవారుజామున కమ్ముకొనే పొగమంచు, సమీపంలోని బొర్రా గుహలు యాత్రికుల మనస్సులను దోచుకొంటాయి. క్రిస్మస్, నూతన సంవత్సరం, సంక్రాంతి సెలవులలో విశాఖపట్నం నుండి సుమారు 115 కిలోమీటర్ల ఈ మార్గం వాహనాలతో నిండిపోతుంది. ఆ మార్గంలోనిదే అనంతగిరి ఘాట్ రోడ్డు. ఒకవైపు కొండ, మరొకవైపు లోయ, నడుమ మలుపు వెంట మలుపు.

ఈ దారి ఎంతటి జాగ్రత్తను కోరుతుందో 2021 ఫిబ్రవరి 12న జరిగిన దుర్ఘటన తెలుపుతుంది. అరకు చూసి తిరిగి వెళ్తున్న హైదరాబాదు యాత్రికుల బస్సు డముకు సమీపంలో లోయలో పడి నలుగురు మరణించారు. ఆ ప్రమాదానికి మద్యం కారణమని చెప్పడం లేదు. మద్యం ప్రమేయం లేకుండానే ఇంతటి ముప్పు పొంచి ఉన్న దారిలో, మత్తును తోడు తెచ్చుకోవడం ఎంత అవివేకమో ఆలోచించాలి.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక సెకనులో 11 మీటర్ల దూరం సాగుతుంది. బ్రేకు వేయడంలో అర సెకను ఆలస్యమైనా అయిదున్నర మీటర్లు ముందుకు పోతుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఆ అయిదున్నర మీటర్లే ప్రాణానికీ మరణానికీ మధ్యనున్న దూరం.

ఉత్సవాలు ఈ కొండలకు కొత్తవి కావు. చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తే ఆదివాసీ గూడేలలో థింసా నృత్యం సాగుతుంది. వేడుకలలో జీలుగు కల్లు సేవించడం ఇక్కడ పూర్వం నుండి ఉన్న ఆచారం. కాని నాటి వేడుక గూడెంలోనే మొదలై గూడెంలోనే ముగిసేది. వచ్చినవారు కాలినడకన ఇళ్లకు చేరేవారు. నేడు మోటారు సైకిలు, జీపు, కారు వచ్చాయి. కాలినడకన పోయేవాడు తూలితే అతడే పడతాడు. వాహనం నడిపేవాడు తూలితే తనతో ఉన్నవారినీ, ఎదురుగా వచ్చేవారినీ, దారి పక్కన సంతకు నడిచిపోయే గిరిజన కుటుంబాన్నీ బలిగొంటాడు.

మద్యం మొదట హరించేది కాళ్ల బలాన్ని కాదు, వివేకాన్ని. అందువల్లనే త్రాగినవాడు “నాకేమీ కాలేదు” అంటాడు. తన స్థితిని తూచవలసిన త్రాసే అప్పటికి చెడిపోయి ఉంటుంది. కాఫీ త్రాగితేనో, చన్నీళ్ల స్నానం చేస్తేనో మత్తు దిగుతుందని కొందరి నమ్మకం. అరకు కాఫీ ఎంత శ్రేష్ఠమైనదైనా నిద్రమత్తును కొంత పోగొట్టగలదేగాని రక్తంలోని మద్యాన్ని తగ్గించలేదు. ఆ పని కాలేయానిది. 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల మద్యం మాత్రమే తగ్గుతుంది. అర్ధరాత్రి 90 మిల్లీగ్రాములు ఉంటే, అది పూర్తిగా పోవడానికి ఉదయం ఆరు గంటలవుతుంది. మంచులో సూర్యోదయం చూడాలని నాలుగు గంటలకే బయలుదేరేవారు ఈ లెక్కను మరువరాదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండగా వాహనం నడపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ అదే నేరం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా వాహన యజమాని శిక్షార్హులవుతారు. జూనియర్ కళాశాల విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

అయితే శిక్షాభయం కన్న ముందుచూపు మేలు. త్రాగిన తర్వాత సరైన నిర్ణయం తీసుకోవడం కష్టం; కాబట్టి నిర్ణయం వేడుకకు ముందే జరగాలి. బృందంలో ఆనాడు మద్యం ముట్టనివారు ఎవరో, వారిలో లైసెన్సు గలవారు ఎవరో బయలుదేరక మునుపే తేల్చుకొని, తాళంచెవి వారికే అప్పగించాలి. లేదా ఆ రాత్రి అక్కడే బస చేయాలి. విశాఖపట్నం నుండి సొరంగాల గుండా అరకు చేరే కిరండూలు రైలు కూడా ఉన్నది. త్రాగినవాడు నడిపే వాహనం ఎక్కకుండడం, తాళంచెవి ఇవ్వకుండడం పిన్నలకు కూడా సాధ్యమైన పనులే. స్నేహితుడు ఆ పూట కోపించవచ్చు. మరునాడు కోపించడానికైనా బ్రతికి ఉంటాడు.

పండుగ నాడు ఇంట్లో దీపం పెట్టి ఎదురుచూసే తల్లి కోరేది కానుకలు కాదు, బిడ్డ క్షేమంగా గడప దాటి లోపలికి రావడం. ఆ కోరికను తీర్చడమే నిజమైన పండుగ.

ప్రశ్నలు

1. మద్యం సేవించినవాడు తన స్థితిని తాను ఎందుకు గుర్తించలేడు?
2. నాటి గూడెపు వేడుకకు, నేటి విహారయాత్రకు గల భేదమేమి?
3. ప్రయాణానికి ముందే తీసుకోవలసిన నిర్ణయాలను వివరించండి.