షరతు - చలరాశి

భాషలో షరతుకు గల స్థానం ఎంతో ప్రాచీనమైనది. "దీపం వెలిగిస్తే చీకటి తొలగుతుంది" అన్న వాక్యంలో 'వెలిగిస్తే' అనే అసమాపక క్రియ మొదటి పనిని కారణంగానూ, రెండవ దానిని ఫలితంగానూ నిలుపుతుంది. వ్యాకరణవేత్తలు దీనిని చేదర్థకమన్నారు. 'చేత్' అనే సంస్కృత అవ్యయానికి 'అయినచో' అని అర్థం. కంప్యూటరుకు ఆజ్ఞలిచ్చే భాషలలో ఈ చేదర్థకమే 'ఇఫ్' అన్న పేరుతో కనిపిస్తుంది. 'కాకపోతే' అన్న అర్థంలో 'ఎల్స్' దానిని అనుసరిస్తుంది.

వెబ్ పుటలను రూపొందించే భాషలలో పీహెచ్‌పీ ఒకటి. రాస్మస్ లెర్డార్ఫ్ దీనిని 1995లో లోకానికి అందించాడు. పుటను కోరిన వ్యక్తి ఇచ్చిన వివరాలను బట్టి పుట స్వరూపాన్ని సర్వరులోనే నిర్ణయించడం దీని పని. అట్టి వివరాలను నిలువ ఉంచే పాత్రకు చలరాశి అని పేరు. గణితంలో వలెనే ఇక్కడ కూడ చలరాశి విలువ మారుతూ ఉంటుంది.

ఒక కళాశాల ఫలితాల పుటను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉత్తీర్ణతకు 35, ప్రథమ శ్రేణికి 60 మార్కులు కావాలన్నది నియమం. 35 షరతును ముందుంచి, 60 షరతును తరువాత ఉంచితే, 82 మార్కులు పొందిన విద్యార్థికి కూడ సామాన్య ఉత్తీర్ణతే దక్కుతుంది. ఏలనగా వరుస షరతులలో మొదట సత్యమైన దానితోనే కంప్యూటరు ఆగిపోతుంది. కనుక పెద్ద హద్దును ముందుగా పరీక్షించాలి. హద్దులతో పని లేక, ఎంపీసీ, బైపీసీ, సీఈసీ వంటి నిర్దిష్ట విలువలలో ఒకదానిని గుర్తించవలసినప్పుడు 'స్విచ్' అనువైనది. అయితే ప్రతి శాఖ చివర 'బ్రేక్' అని ఆపకపోతే తరువాతి శాఖలోని ఆజ్ఞలు కూడ అమలవుతాయి. 2020లో వెలువడిన ఎనిమిదవ వెర్షన్‌లోని 'మ్యాచ్' నిర్మాణంలో ఈ ప్రమాదం లేదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి కలదు. పరీక్ష రాసి సున్న పొందిన విద్యార్థి వేరు. మార్కులు ఇంకా నమోదు కాని విద్యార్థి వేరు. మార్కుల గడి ఖాళీగా ఉన్నవానికి 60 షరతూ, 35 షరతూ రెండూ తప్పుతాయి. చివరి 'ఎల్స్' అతనిని అనుత్తీర్ణుడిగా ప్రకటిస్తుంది. శ్రమించి చదివిన విద్యార్థికి ఇది ఎంత మనోవేదన కలిగిస్తుందో చెప్పనక్కరలేదు. అందువల్ల 'మార్కుల గడి ఖాళీయా?' అన్న ప్రశ్న అన్నిటికంటె ముందుండాలి. ఆ ప్రశ్నను రెండు సమాన చిహ్నాలతో అడిగితే సున్న కూడ ఖాళీతో సమానమవుతుంది. సున్న పొందినవానికి 'ఫలితం రావలసి ఉంది' అన్న తప్పు సమాధానం దొరుకుతుంది. మూడు సమాన చిహ్నాలు విలువతో పాటు ఆ విలువ జాతిని కూడ పరీక్షిస్తాయి. అప్పుడు ఖాళీ ఖాళీగానూ, సున్న సున్నగానూ నిలుస్తాయి. ఎనిమిదవ వెర్షన్‌కు పూర్వం 'గైర్హాజరు' అన్న పదాన్ని రెండు చిహ్నాలతో సున్నతో పోల్చినా సమానమనే ఫలితం వచ్చేది.

చలరాశికి తొలి విలువ ఇవ్వకపోవడం వల్ల కలిగే కీడు ఇంకా పెద్దది. పీహెచ్‌పీలో పూర్వం 'రిజిస్టర్ గ్లోబల్స్' అనే ఏర్పాటు ఉండేది. సందర్శకుడు వెబ్ చిరునామా చివర చేర్చిన పేర్లు వాటంతట అవే చలరాశులయ్యేవి. 'రహస్యపదం సరిపోతే అనుమతి సత్యం' అని మాత్రమే రాసి, సరిపోనప్పటి మాట విడిచిన పుటలో, ఆగంతకుడు చిరునామా చివర అనుమతి విలువ 1 అని చేరిస్తే చాలు, ద్వారం తెరుచుకొనేది. ఆరంభంలోనే అనుమతికి 'అసత్యం' అని తొలి విలువ ఇచ్చి ఉంటే ఆ మోసం సాగేది కాదు. 2002 నాటి 4.2 వెర్షన్ నుండి ఈ ఏర్పాటు, ఎవరైనా కోరి అమర్చుకొంటే తప్ప, పనిచేయలేదు. 2012 నాటి 5.4 వెర్షన్‌లో దీనిని పూర్తిగా తొలగించారు.

షరతు ఎంత చక్కగా కుదిరినా, అది పరీక్షించే చలరాశి నమ్మదగినది కాకపోతే నిర్ణయం సరైనది కాజాలదు. తొలి విలువ ఇవ్వడం, ఖాళీని ముందుగా గుర్తించడం, హద్దులను సరైన వరుసలో నిలపడం - ఈ మూడూ పాటించిన పుట విద్యార్థికి న్యాయం చేస్తుంది.

ప్రశ్నలు

1. చేదర్థకానికీ, 'ఇఫ్' షరతుకూ గల పోలికను వివరించండి.
2. సున్నకూ, ఖాళీకీ గల భేదాన్ని గుర్తించకపోతే కలిగే నష్టమేమి?
3. చలరాశికి తొలి విలువ ఇవ్వవలసిన ఆవశ్యకతను సోదాహరణంగా తెలపండి.