అడవి గింజల నూనెలు : వాని గుణదోషములు

వేప, కానుగ చెట్లు లేని గ్రామము మన ప్రాంతమున అరుదు. మన్యసీమలలో ఇప్ప విస్తారముగా కలదు. ఎవరును విత్తకయే పెరిగి ఏటేటా గింజ రాల్చు ఈ చెట్లు గ్రామమునకు సంపద. అయితే ఏ నూనె దేనికి పనికివచ్చునో, దేనికి పనికిరాదో పంచాయతీ సభ్యులు తెలిసికొని ప్రజలకు తెలుపుట అవసరము.

నూనెలో ఏమున్నది?

గింజల నూనెలన్నియు ముఖ్యముగా గ్లిసరిన్‌తో కొవ్వు ఆమ్లములు కలియుటచే ఏర్పడినవే. వేప, కానుగ నూనెలలో ఓలియిక్ ఆమ్లము ప్రధానము. మనము తిను వేరుశెనగ నూనెలోను అదియే ప్రధానము. మరి భేదమెక్కడ? నూనెతోపాటు గింజనుండి దిగివచ్చు ఇతర పదార్థములలో ఉన్నది. చేదు, వాసన, ఔషధగుణము, విషగుణము చాలవరకు వీనివలననే కలుగును.

వేప

వేపపప్పులో సుమారు 40 నుండి 50 శాతము నూనె కలదు. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెనుండి నింబిన్ మొదలగు చేదు పదార్థములను వేరుచేసెను. వేపగింజలలోని అజాడిరాక్టిన్ అను పదార్థమును 1968లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. ఇది పురుగును వెంటనే చంపదు. ఆకు తిననీయక, కుబుసము సరిగా విడువనీయక క్షీణింపజేయును.

5 కిలోల పప్పును పొడిచేసి రాత్రి నీటిలో నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లగునట్లు నీరు చేర్చి, కొంచెము సబ్బుపొడి కలిపి పైరుపై చల్లవచ్చును. ఎండకు దీని శక్తి నశించును గనుక సాయంకాలము చల్లుట మేలు. పసిపిల్లలచే వేపనూనె త్రాగించరాదు. వాంతులు, మూర్ఛలు కలిగి ప్రాణాపాయమైన సందర్భములు కలవు.

కానుగ, ఇప్ప

కానుగ నూనెలో కరంజిన్, పొంగమోల్ ఉండుటచే అది తినుటకు పనికిరాదు. దీపములకు, సబ్బునకు, బయోడీజిలుకు ఉపయోగించును. చెక్క మంచి ఎరువు.

ఇప్పనూనెను గిరిజనులు వంటకు వాడుదురు. కాని ఇప్పచెక్కలోని సపోనినులు చేపలకు విషము. చేపపిల్లలను విడుచుటకు ముందు చెరువులోని అక్కరలేని చేపలను నిర్మూలించుటకు దీనిని వాడుట కలదు. కావున చేపలు పెంచు చెరువులోను, త్రాగునీటి చెరువులోను దీనిని పడనీయరాదు.

ప్రాణాంతకమైన గింజ

పసుపుపచ్చని పూలు, ముండ్ల ఆకులు గల బ్రహ్మదండిని కొన్నిచోట్ల పిచ్చికుసుమ అందురు. దీని నల్లని గింజలు ఆవాలను పోలియుండును. దీని నూనెలోని సాంగ్వినరిన్ అను విషము వలన కాళ్లవాపు, ఆయాసము కలిగి గుండె దెబ్బతినును. 1998లో ఢిల్లీలో ఈ నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా మరణించిరి. ఒకే ఇంట పలువురకు కాళ్లు వాచినచో, వాడుచున్న నూనెను వెంటనే మానిపించి వారిని వైద్యుని కడకు పంపవలెను.

పంచాయతీల కర్తవ్యము

1. వేపపండ్లు రాలు దినములలో గింజలను సేకరింపించి, గుజ్జు కడిగించి, నీడన ఆరబెట్టింపవలెను. తడిగింజ బూజుపట్టి చెడును.

2. ఆవచేలలోను, గట్లపైనను బ్రహ్మదండిని కాయ పండకమునుపే పెరికింపవలెను.

3. తినరాని నూనెల పాత్రలపై పేరు వ్రాయించి, వంటనూనెలకు దూరముగా ఉంచునట్లు చూడవలెను.

4. షెడ్యూలు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యమును 1996 నాటి చట్టము గ్రామసభలకు, పంచాయతీలకు ఉద్దేశించినది. ఈ హక్కును గిరిజనులకు ఎరిగించి, గింజలకు న్యాయమైన ధర లభించునట్లు చూడవలెను.

చెట్టు క్రింద రాలి మట్టిలో కలియుచున్న గింజ తెలిసి వాడినచో ఆదాయము; తెలియక వాడినచో అపాయము. ఈ వివేకమును ఇంటింటికి చేర్చుట సభ్యుల చేతిలోని పని.