మీటల దగ్గరిదారులు

నేర్పు లేని శ్రమ అలసటనే మిగుల్చును. నేర్పు గలవాడు అదే పనిని తక్కువ కాలములో చక్కగా ముగించును. ఈ మాట నాగలి పట్టిన రైతునకును, మగ్గము ముందు కూర్చుండిన నేతగానికిని చెల్లినట్లే, కంప్యూటరుపై వ్రాయు విద్యార్థికిని చెల్లును.

విజయవాడ చిరకాలముగా అచ్చుకూటములకు, పుస్తక ప్రచురణమునకు పేరెన్నిక గన్న నగరము. సీసపు అక్షరములు వాడుకలో నుండిన దినములలో కంపోజిటరు గళ్ళ పెట్టె ముందు నిలిచి, ఒక్కొక్క అక్షరమును ఏరి పంక్తులుగా కూర్చెడివాడు. ఏ గడిలో ఏ అక్షరమున్నదో అతనికి కరతలామలకము. చూపు వ్రాతప్రతిపై నుండగా చేయి తానై గడిని చేరెడిది. నేడు ఆ పని కంప్యూటరు తెరపై జరుగుచున్నది. పనిముట్టు మారినది గాని, చేతికి కావలసిన నేర్పు మారలేదు.

వ్రాయుటకును దిద్దుటకును ఉపయోగపడు ప్రోగ్రామును టెక్స్ట్ ఎడిటరు అందురు. అందు మనము వ్రాయుచున్న చోటును చూపుచు మినుకుమినుకుమను సన్నని గీతయే కర్సరు. పటమట నుండి ప్రకాశం బ్యారేజికి పోవలెనన్న, బందరు రోడ్డు వెంట అడుగులు లెక్కించుచు నడువవచ్చును. లేదా బస్సెక్కి బెంజి సర్కిలు మొదలగు కూడళ్ళను దాటుచు పోవచ్చును. బాణపు మీటను మాటిమాటికి నొక్కి కర్సరును అక్షరమక్షరము జరుపుట నడక వంటిది. కూడలి నుండి కూడలికి దాటించు మీటలును కలవు. వానినే దగ్గరిదారులు అందుము.

రచనయందు అక్షరము, పదము, పంక్తి, పుట అను మజిలీలు కలవు. మీటలును ఆ మజిలీలనే అనుసరించును. విండోసు, లినక్సు కంప్యూటర్లలో కంట్రోల్ మీటను అదిమిపట్టి కుడి లేక ఎడమ బాణమును నొక్కిన, కర్సరు ఒక పదమును దాటును. హోమ్ మీట పంక్తి మొదటికిని, ఎండ్ మీట పంక్తి చివరకును చేర్చును. పేజ్ అప్, పేజ్ డౌన్ మీటలు తెర నిండిన భాగమును ఒక్కసారిగా దాటించును. కంట్రోల్‌తో హోమ్‌ను నొక్కిన రచన మొదటికిని, ఎండ్‌ను నొక్కిన తుదకును పోవుదుము. వీనికి షిఫ్ట్ మీటను జోడించినచో దాటిన భాగమంతయు ఎంపిక యగును. చోటు తెలియక మాట మాత్రమే జ్ఞప్తియందున్నచో, కంట్రోల్‌తో ఎఫ్‌ను నొక్కి దానిని వెదకవచ్చును.

తెలుగున మరియొక విశేషము కలదు. 'స్త్రీ' అనునది మన కంటికి ఒక్క అక్షరము. కంప్యూటరు దానిని ఆరు సంకేతములుగా దాచుకొనును. చాల ఎడిటర్లలో బాణపు మీట ఈ అక్షరమును ఒక్క గంతులో దాటును. డిలీట్ మీట మొత్తమును చెరిపివేయును. బ్యాక్‌స్పేస్ మాత్రము తుది గుణింతపు గుర్తునే తొలగించి 'స్త్ర'ను మిగుల్చును. ఈ భేదము నెరిగినవాడు అక్షరమును మరల వ్రాయక గుర్తునే దిద్దుకొనును.

ఈ మార్గములకు వెనుక చరిత్రయు కలదు. అమెరికాలో బిల్ జాయ్ 1976లో 'వీఐ' అను ఎడిటరును రచించెను. అతడు వాడిన యంత్రమునకు వేరుగా బాణపు మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అను మీటలపైననే బాణములు ముద్రింపబడి యుండెను. అందువలన అతడు ఆ నాలుగింటినే కర్సరును నడపుటకు నియమించెను. యంత్రము మారినను ఆ వాడుక నేటికిని నిలిచియున్నది, ఏలయన వ్రేళ్ళు తమ వరుసను విడువ నక్కరలేదు.

మనకు ఈ దారులు సౌకర్యము మాత్రమే. చూపు లేనివారికి ఇవియే రాజమార్గము. తెరపై గురిచూచి మౌసును నడపుట వారికి సాధ్యము కాదు. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైఖేల్ కర్రన్ 2006లో 'ఎన్‌వీడీఏ' అను ప్రోగ్రామును ఆరంభించెను. అది తెరపైని వ్రాతను చదివి వినిపించును. అందరికిని ఉచితముగా లభించును. బాణమును నొక్కిన అక్షరమును, కంట్రోల్‌తో నొక్కిన పదమును, క్రిందిబాణమును నొక్కిన పంక్తిని అది పలుకును. మనలను నడపు మీటలే వారికి చదువును చెప్పుచున్నవి.

కావున విద్యార్థులారా! అన్నిటిని ఒక్కదినముననే నేర్వ బూనకుడు. దినమునకు ఒక్క మీటను ఎన్నుకొని, చేతికి అలవడువరకు వాడుడు. వ్రేళ్ళకు దారి తెలిసినప్పుడు మనస్సు దారిని వెదకుట మాని, చెప్పదలచిన విషయముపై నిలుచును. రచనకు కావలసినది ఆ ఏకాగ్రతయే.

ప్రశ్నలు
1. కంపోజిటరు నేర్పునకును, మీటల నేర్పునకును గల పోలిక యేమి?
2. 'స్త్రీ' అను అక్షరమును దిద్దునపుడు డిలీట్, బ్యాక్‌స్పేస్ మీటలకు గల భేదమును వివరింపుడు.
3. చూపు లేనివారికి మీటలు ఎట్లు తోడ్పడుచున్నవి?