నేర్పరి తన నేర్పును తెలియఁజేయు విధము

చేతిలో మంచి విద్య యుండియు గిరాకి లేని పనివారిని పలువురిని మేము చూచుచున్నాము. వీరికిఁ గొఱవడినది నేర్పు కాదు. అది కావలసినవారి కంటఁ బడకుండుటయే లోపము.

1718లో ఇంగ్లాండునఁ బుట్టిన థామస్ చిప్పెండేలు అను వడ్రంగి లండనులో దుకాణము పెట్టి, 1754లో కుర్చీలు, బల్లలు, బీరువాల నమూనాలను 160 చిత్రఫలకములుగాఁ జెక్కించి పుస్తకముగాఁ బ్రకటించెను. పని రహస్యము పరులపాలగునని మనవారు జంకుదురు గదా! ఇతఁడు జంకలేదు. చందాదారులలో ప్రభువులును, తోడి వడ్రంగులును ఉండిరి. వడ్రంగులు నమూనాలఁ జూచి చేసికొనిరి. ప్రభువులకో, అట్టి పని నెవ్వరి కొప్పగింపవలెనో తెలిసెను. 1759లో డంఫ్రీస్ ప్రభువు తన క్రొత్త భవనమునకు ఎన్నో సామానుల నితనికే పురమాయించెను. తరువాత నాస్టెల్, హేర్‌వుడ్ భవనముల పనియు లభించెను.

ఇతఁడు సంతలోఁ గేకవేసి అందఱిని పిలువలేదు; గొప్ప యిండ్లు కట్టించువారు తిరుగవేయు గ్రంథమునే సిద్ధపఱచెను. మన యూళ్లలో పంపులు బాగుచేయువానికి గ్రంథ మక్కఱలేదు. వేసవికి ముందు రైతులు కూడుచోట ఒక పాత పంపును విప్పి, ఏ భాగము ఎందుకు చెడునో చూపిన చాలును. తన పంపు మొఱాయించిననాఁడు ఆ రైతు ఎవని యింటికిఁ బోవునో చెప్పనేల?

అయితే గొప్పవారందఱు మంచి బేరగాండ్రు కారు. సొమ్ము త్వరగాఁ జెల్లింపుఁడని నాస్టెల్ దొరకు చిప్పెండేలు వ్రాసికొన్న జాబులు నేఁటికిని నిలిచియున్నవి.