చెల్లీ, ఆ మాటకో పేరుంది!

ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే పరీక్షల ముందు వినిపించే పాఠం నీకు తెలిసిందే కదా చెల్లీ! ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష... లక్షణాలన్నీ గడగడా అప్పజెబుతుంది, మార్కులు తెచ్చుకుంటుంది, వేసవి సెలవులు అయ్యేసరికి మరిచిపోతుంది. మన తరం చదువూ అంతే. అందుకే ఇవాళ అలంకారాల గురించి నీతో తీరిగ్గా మాట్లాడాలనుంది. మనం పొద్దున్న లేచింది మొదలు ఆడే మాటల తీరుకే పెద్దవాళ్లు ఆ పేర్లు పెట్టారు. పేరు తెలిస్తే ఎదుటివాళ్ల మాట మన మీద ఎలా పనిచేస్తోందో పట్టుకోగలం. ఆడవాళ్లకి ఈ విద్య మరీ అవసరమని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతా విను.

ముందు ఉపమ. ‘మా అత్తయ్య మాట పటికబెల్లంలా తియ్యన’ అన్నావనుకో. అత్తయ్య మాట ఉపమేయం, అంటే నువ్వు చెప్పదలచుకున్నది. పటికబెల్లం ఉపమానం, పోలిక కోసం తెచ్చుకున్నది. తియ్యదనం రెండింటికీ ఉన్న సమానధర్మం. ‘లా’ అన్నది ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏ ఒక్కటి లోపించినా లుప్తోపమ. ఈ రెండోదాన్ని బాగా గుర్తుపెట్టుకో. ‘మా కోడలు ఆవులాంటిది’ అంటారు. ఏ విషయంలో? సాధుగుణంలోనా? అడగకుండానే ఇంటికి జీతం తెచ్చి ఇవ్వడంలోనా? ఎక్కడ కట్టేస్తే అక్కడే ఉండిపోవడంలోనా? సమానధర్మం చెప్పలేదు చూడు. చెప్పకుండా వదిలేసిన ఆ చోటే అసలు సంగతి ఉంటుంది. మెచ్చుకున్నారని మురిసిపోయే ముందు ఆ ఖాళీని నువ్వే నింపి చూసుకో.

రూపకం ఇంకా బలమైనది. ఉపమలో రెండు వస్తువులూ వేరువేరుగానే ఉంటాయి, మధ్యలో ‘లా’ ఉంటుంది. రూపకంలో ఆ ‘లా’ పోతుంది. ఇదే అది అని తేల్చేస్తారు. దీన్నే అభేదం అంటారు. ‘ఆడపిల్ల గుండెల మీద కుంపటి’ అన్న మాట మనం ఎన్ని పెళ్లిచూపుల్లో, ఎన్ని పురుళ్ల దగ్గర వినలేదు! ‘కుంపటిలాంటిది’ అని ఉంటే, ‘ఎందులో అమ్మా?’ అని ఎవరైనా అడిగేవారు. ‘కుంపటి’ అని తేల్చేసేసరికి అడిగే సందే లేకుండా పోయింది. తరాలకు తరాలు ఆ మాటను నిజమని నమ్మి, పుట్టిన పిల్లను చూసి నిట్టూర్చాయి. అది నిజం కాదు చెల్లీ, ఎవరో కట్టిన రూపకం. ఈసారి ఆ మాట వినబడితే పోయిన ‘లా’ని మళ్లీ తెచ్చిపెట్టు. ‘ఏ విషయంలో కుంపటిలాంటిది పిన్నీ?’ అని నెమ్మదిగా అడుగు. కట్నం భయం, ఖర్చు భయం, లోకం భయం ఒక్కొక్కటే బయటికొస్తాయి. వాటిలో ఒక్కటీ ఆ పసిదాని తప్పు కాదు.

అర్థాంతరన్యాసం పేరు పెద్దదే గానీ పని మనకు అలవాటైనదే. ఒక ప్రత్యేకమైన సంగతి చెప్పి, దాన్ని అందరికీ వర్తించే మాటతో సమర్థిస్తాం. లేదా ముందు లోకానికంతటికీ వర్తించే మాట చెప్పి, ఒక ఉదాహరణతో బలపరుస్తాం. ‘మా అమ్మమ్మ అరవై దాటాక అక్షరాలు దిద్దింది. పట్టుదల ఉన్నవాళ్లకు వయసొక అడ్డమా!’ అంటే ఎంత నిండుగా ఉంది! అదే తీరును ఇలా కూడా వాడతారు: ‘ఆ పిల్ల ఎదురు మాట్లాడింది. ఈ కాలం ఆడపిల్లలంతా ఇంతే!’ వాక్యాల కట్టు ఒకటే. రెండో దాంట్లో అందరికీ వర్తిస్తుందన్న మాటే నిలబడదు. అలంకారం పేరు తెలిసిన మనిషి ఆ రెండో వాక్యం దగ్గర ఆగి, ‘అంతా ఇంతేనా?’ అని అడుగుతుంది.

అతిశయోక్తి ఎప్పుడు ముద్దొస్తుందో, ఎప్పుడు గుచ్చుకుంటుందో చూడు. ‘నీకోసం ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి’ అంటే ప్రేమ. ‘నువ్వు ఒక్కనాడైనా నా మాట విన్నావా?’ అంటే అదీ అతిశయోక్తే, కానీ కోపంలో పుట్టింది. మొగుడూ పెళ్లాల తగువులో సగం ఆ ‘ఎప్పుడూ’, ‘ఒక్కనాడైనా’ల వల్లే పెరుగుతుంది. ఇక వ్యాజస్తుతిలో పైకి పొగడ్త, లోపల నింద. లేదా పైకి నింద, లోపల పొగడ్త. ‘మీ అమ్మ నిన్ను ఎంత సుకుమారంగా పెంచిందమ్మా, గరిటె కూడా పట్టనివ్వలేదు’ అనే ఆడపడుచు ఏం చేస్తోందో ఇప్పుడు నీకు తెలుసు. తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. ఆ మాట నీ లోపం గురించి కాక, ఆవిడ అనే తీరు గురించి ఎక్కువ చెబుతుంది.

అయితే ఇదంతా కాపలా కాయడానికే అనుకోకు. అలంకారాలతో వచ్చే ఆనందం అంతకంటే గొప్పది. ‘చక్కని చెల్లి చేతిలో చామంతి చెండు’ అంటే చకారం మళ్లీ మళ్లీ వచ్చి చెవికి ఇంపుగా ఉంది కదా, అది వృత్త్యనుప్రాస. ‘అమ్మ చేతి ముద్దే ముద్ద’ అంటాం. మొదటి ముద్ద అన్నం ముద్ద, రెండోది ముద్ద అనిపించుకోదగ్గ ముద్ద. మాట ఒకటే, అర్థమూ ఒకటే, తాత్పర్యంలో తేడా ఉంది. అది లాటానుప్రాస. ఒకే మాటకు రెండర్థాలు పలికించే శ్లేషతో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణ, భారత కథలు రెంటినీ ఒకే పద్యాల్లో చెప్పాడు. పేరు తెలియకుండా చదివితే ఆ పని ఎంత కష్టమో మనకు అందదు.

భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితులు ‘కువలయానందం’ రాసేనాటికి నూరు దాటాయి. ఓరుగల్లులో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ రాస్తూ ఉదాహరణలన్నీ ప్రతాపరుద్రుడి కీర్తి మీదే కూర్చాడు. రాజుగారి కీర్తితో నేర్పిన విద్యను మనం మన వంటింటి మాటతో నేర్చుకుందాం. మొల్ల తన రామాయణం అవతారికలో, చదవగానే అర్థం మనసుకు అందాలని, గూఢమైన మాటలు గుప్పిస్తే ప్రయోజనం లేదని చెప్పుకుంది. అలంకారాలు నేర్చుకోవడానికీ అదే దారి.

నా మాట విని వారానికి ఒక్క అలంకారం పట్టుకో. ముందు లక్షణం చదవకు. ఇంట్లో, బస్సులో, టీవీ ప్రకటనల్లో చెవి ఒగ్గి విను, దొరికిన వాక్యాన్ని పాలలెక్క పుస్తకం వెనకైనా రాసిపెట్టు. వారం చివర పిల్లల వాచకం తెరిచి లక్షణం చదివి, రెండూ పోల్చి చూసుకో. పిల్లల్నీ కూర్చోబెట్టుకో, వాళ్ల పరీక్షకీ పనికొస్తుంది. ఆ తర్వాత నీ కూతురి మీద నువ్వే ఒక కొత్త రూపకం కట్టు. ‘మా అమ్మాయి మా ఇంటి పునాది’ అని నలుగురిలో, అది వినేలా అను. పాత రూపకాలు వినివినే నిజాలైపోయాయి కదా చెల్లీ, మనం కట్టిన దాన్నీ అలాగే పదేపదే అందాం!