కంప్యూటర్ పాఠం: పుస్తకం వేరే ఎందుకు పెట్టారు?



మా నాయన చదువుకోలేదు. ఆయన కూలికి పోయే పడవకి కొత్త ఇంజను వచ్చింది. దాంతో వచ్చిన చిన్న పుస్తకం చదివేవాళ్లు లేక మూల పడింది. ఇంజను ఆగినప్పుడల్లా మెకానిక్ కోసం ఎదురుచూపే. సెలవుల్లో నేను కూడబలుక్కుని చదివి చెప్పాను. వస్తువు ఉంటే చాలదు, ఎట్టా వాడాలో చెప్పే పుస్తకం కూడా ఉండాల అని అప్పుడు తెలిసింది.

కంప్యూటర్‌కీ అంతే. దాన్ని నడిపించే మూల ప్రోగ్రాంను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. డెబియన్ అనేది 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్. మన దేశంలో సి-డాక్ సంస్థ చేసిన బాస్ లైనక్స్‌కి కూడా అదే ఆధారం. స్వేచ్ఛ అంటే ఊరికే ఇవ్వడం ఒక్కటే కాదు. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు.

అందులో ఈమాక్స్ అనే ప్రోగ్రాం ఉంది. రాసుకోవడానికి పనికొస్తుంది. రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ వాళ్లది. కానీ దాని పుస్తకం డెబియన్ ముఖ్య భాగంలో ఉండదు. ‘నాన్-ఫ్రీ’ అనే వేరే భాగంలో ఉంటుంది. డబ్బులు అడుగుతారా? అడగరు. మరెందుకు?

లైసెన్స్ వల్ల. పుస్తకాల కోసం 2000లో గ్నూ వాళ్లు ఒక లైసెన్స్ తెచ్చారు. దాని ప్రకారం కొన్ని భాగాలను ‘మార్చరానివి’ అని పెట్టవచ్చు. ఈమాక్స్ పుస్తకంలో స్టాల్‌మన్ రాసిన గ్నూ ప్రకటన అలాంటిదే. దాన్ని మార్చకూడదు, తీయకూడదు. మార్చనివ్వనిది స్వేచ్ఛ ఎట్టా అవుతుందని డెబియన్ వాళ్లు అడిగారు. 2006లో ఓట్లు వేసుకున్నారు. మార్చరాని భాగాలు లేని పుస్తకాలు లోపల, ఉన్నవి బయట అని తేల్చారు.

మనకేం అంటారా? ఆ పుస్తకంలో ఒక్క పాఠం తెలుగు చేసి ఈ గోడకి పెట్టాలన్నా, ఆ ఇంగ్లీషు ప్రకటన మొత్తం పక్కన అంటించాల. దానికి తెలుగు కూడా పెట్టొచ్చు, ఇంగ్లీషు మాత్రం తీయకూడదు. ఇంక మన చార్టులో జాగా యాడుంటుంది? నెట్ లేని ఊళ్లో అయితే డిస్కులో ప్రోగ్రాం వస్తుంది, పుస్తకం రాదు. మా నాయన ఇంజను కతే మళ్లీ.

తెలుగు వికీపీడియా కూడా 2009 దాకా ఆ లైసెన్స్‌తోనే నడిచింది. కానీ మార్చరాని భాగాలు పెట్టలేదు. అందుకే ఎవరైనా దిద్దగలిగారు.

ఇద్దరూ స్వేచ్ఛ కోసమే వాదించారు. నష్టం మాత్రం కొత్తగా నేర్చుకునేవాళ్లకి. కాబట్టి మనం నేర్చుకున్నది మన మాటల్లో మనమే రాసి పెడదాం. ఈ పాఠం ఎవరైనా ఎత్తి రాసుకోండి. తప్పుంటే దిద్దండి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని