పెరటి ఆనపపాదు: సాయంకాలపు పూవు, మంచి విత్తనము

పట్టణములలో పూలతోటలయందు ఆసక్తి గలవారు మూన్‌ఫ్లవర్ అను నొక తీగను విత్తనమునుండి పెంచుచుందురు. పగలెల్ల ముడుచుకొనియుండి, ప్రొద్దు గ్రుంకువేళ తెల్లగా విచ్చి, మరునాటి యెండకు వాడిపోవు పూవు దానిది. కేవలము చూచి సంతోషించుటకే దానిని పెంచుదురు. మన పెరటిలోను అట్లే సాయంకాలమున తెల్లగా పూచెడి తీగ యొకటి తరతరములుగా నున్నది. అది ఆనప. కొన్ని సీమలవారు దీనినే సొర యందురు. దీని పూవు రాత్రిపూవు అనునది అందమునకు మాత్రమే సంబంధించిన మాటగా తోచును. కాని తీగ కాచుటయు కాయకుండుటయు, మరుసటి యేటి విత్తనము మంచిదగుటయు చెడిపోవుటయు ఈ యొక్క సంగతిపై నాధారపడియున్నవి. ఈ పాఠమున మేము చెప్పదలచినది ముఖ్యముగా నదియే.

పాదులు పందిరి నెక్కిన పిమ్మట రైతుసోదరులును గృహిణులును మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. తీగ దట్టముగా నల్లుకొన్నది, పూవులు లెక్కకు మించి పూసినవి, పిందె చిటికెనవ్రేలంత యగును, పసుపువారి రాలిపోవును, ఏమి చేయవలెను? ఒక వృద్ధురాలు, "ఎవరి కన్నో పడింది నాయనా, పాత చెప్పు కట్టాను, అయినా నిలవలేదు" అని మాతో చెప్పినది. చెప్పు కట్టుటవలన తీగకు కీడేమియు లేదు. కాని చెప్పు కట్టుటకు పోయిన సాయంకాలమే ఆమె మరి పది నిమిషములు పందిరిక్రింద నిలిచి, మేము ఈ దిగువ చెప్పబోవు చిన్నపని చేసియుండినచో, ఆ వారము పిందెలు నిలిచియుండును.

ముందు విత్తు సంగతి. ఆనపగింజ పైపెంకు మందమైనది. ఎండిన గింజను నేరుగా మంటిలో పెట్టినచో కొన్ని ఆలస్యముగా మొలచును, కొన్ని మొలవకయే క్రుళ్లును. రాత్రి నీటిలో నానవేసి, తెల్లవారిన పిమ్మట తడిగుడ్డలో మూటగట్టి నీడను వెచ్చనిచోట నుంచినయెడల రెండు మూడు దినములలో మొనవద్ద తెల్లని మొలక కనబడును. దానిని విరుగకుండ తీసి, మొన క్రిందికుండునట్లు అంగుళము లోతున నాటవలెను. వానకాలపు పాదులకు జూన్ మొదలు జూలై నడుమ వరకును, వేసవి పాదులకు డిసెంబరు రెండవ పక్షము మొదలు ఫిబ్రవరి వరకును అదను. గుంట అడుగున్నర వెడల్పు, అంత లోతు త్రవ్వి, బాగుగా చివికిన పెంట రెండు గంపలు పైమంటితో కలిపి నింపవలెను. పచ్చిపెంట పనికిరాదు, వేరు మాడును, చెదలు చేరును. గుంటకు నాలుగైదు గింజలు పెట్టి, బలమైన మొక్కలు రెండింటిని మాత్రమే యుంచుకొని, తక్కినవానిని మొదట కత్తిరించి తీసివేయవలెను. పీకినచో ప్రక్కమొక్క వేరు కదలును.

లేతదశలో ఎఱ్ఱని పెంకుపురుగులు ఆకులను జల్లెడవలె తొలిచివేయును. తెల్లవారుజామున చల్లదనమునకు అవి చురుకుగా నెగురలేవు గాన అప్పుడు చేతితో నేరి నీటిలో వేయుట సులభము. ఒక హెచ్చరిక: బూడిద తెగులునకని గంధకపుపొడిని ఈ జాతి తీగలపై చల్లరాదు, ఆకులు మాడును. రెండు మొదలు నాలుగాకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్సు కలిపి ఆకులు తడియునట్లు చల్లినయెడల ఆడుపూవులు హెచ్చగునని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఖర్చు స్వల్పము గనుక చేయదగిన పనియే. తీగ పందిరి నందుకొనగనే కొన చిదుమవలెను. నడితీగమీద మగపూవులే హెచ్చు. ఆడుపూవులు ప్రక్కకొమ్మలమీద హెచ్చుగా వచ్చును. కొన చిదుమనిదే ప్రక్కకొమ్మలు త్వరగా రావు. తీగ నల్లగా, బలిసి, ఆకు విస్తరంత యున్నదని మురిసి యూరియా వేయుచు పోవువారికి ఆకులును మగపూవులును దండిగా దొరకును.

ఇక పూవు. ఆనపతీగకు మగపూవులు వేరు, ఆడుపూవులు వేరు. మగపూవు సన్నని పొడుగు కాడమీద నిలుచును. ఆడుపూవు కాడ పొట్టిది. పూవు క్రింద నూగుతో గూడిన చిన్నకాయ యుండును. ముందుగా వచ్చునవి మగపూవులే. అవి కొన్ని దినములవరకు పూచి రాలుట సహజము, దానికి విచారింప బనిలేదు. పిదప ఆడుపూవు వచ్చినప్పుడు, దానిక్రింది చిన్నకాయను చూచి పిందె పడినదని సంతోషింతుము. అది పొరపాటు. అది యింకను పిందె కాదు, పిందె కాగల గర్భము మాత్రమే. మగపూవులోని పుప్పొడి ఆడుపూవు నడుమనున్న కీలాగ్రమును చేరి లోపల గింజ కట్టిననే అది పెరుగును. చేరనియెడల నాలుగైదు దినములలో కొననుండి వాడి, పసుపువారి రాలును. మన దొడ్లలో రాలు పిందెలలో పెక్కింటి కథ యింతే.

పుప్పొడిని మోసెడివారెవరు? తేనెటీగలు పగటికూలీలు. ఆనపపూవు చక్కగా విచ్చు వేళకు అవి చాలవరకు పట్టునకు మరలిపోయియుండును. ఈ పూవునకు వచ్చునవి ముఖ్యముగా రాత్రి సంచరించు చిమ్మటలు, అనగా దీపముచుట్టు తిరిగెడి సీతాకోకచిలుకవంటి పురుగులు. ఇండ్ల నడుమనున్న పెరటిలో, ఒకటి రెండు పాదులున్నచోట, అవి వచ్చిన వచ్చును, రాకున్న రాదు. పైగా మనము సాయంకాలమున పురుగుమందు చల్లి వానిని కూడ చంపుచున్నాము. తక్కిన పైరులకు, తేనెటీగలు మరలిపోయిన పిమ్మట సాయంకాలము చల్లుడని చెప్పుట న్యాయమే. ఆనపపందిరికి మాత్రము ఆ మాట తలక్రిందులగును. బీర, పొట్ల పూవులును ప్రొద్దు వాలిన పిమ్మట విచ్చునవే. గుమ్మడి, దోస, కాకర ఉదయపు పూవులు. ఈ భేదము తెలియనిదే ఏ తీగకు ఎప్పుడు చేయి వేయవలెనో తెలియదు.

చేయవలసిన పని యిది. ప్రొద్దు గ్రుంకినది మొదలు రెండు గంటలలోపల పందిరిక్రిందికి పోయి, అప్పుడే విచ్చిన మగపూవును కాడతో గిల్లవలెను. దాని రేకులను వెనుకకు ఒలిచివేసిన నడుమ పసుపుపచ్చని పుప్పొడి తల బయటపడును. దానిని ఆనాడే విచ్చిన ఆడుపూవు నడుమనున్న మూడు చీలికల కీలాగ్రముమీద నలువైపుల మెల్లగా తాకింపవలెను. గట్టిగా రుద్దరాదు. ఒక మగపూవు రెండు మూడు ఆడుపూవులకు చాలును. వానతుంపర యున్ననాడు పుప్పొడి తడిసి ముద్దయగును గాన, వాన సూచన కనబడినచో మగమొగ్గలను ముందే కోసి యింటిలో నీటిగిన్నెలో నుంచినయెడల అక్కడనే విచ్చును. ఈ పని పిల్లలకు మిక్కిలి యిష్టము. ఒక్కసారి చూపిన చాలును, మరునాడు వారే మనలను పిలుచుకొనిపోవుదురు.

ఇట్లు చేసినను పిందె రాలినచో కారణము వేరు. రాలినదానిని కోసి చూడవలెను. లోపల తెల్లని పురుగులుండి, పైన చిన్నగాటువద్ద జిగురు కారియున్నచో అది పండుఈగ పని. అట్టి పిందెలను పెంటకుప్పమీద వేయక లోతుగా పాతవలెను, లేకున్న ఆ పురుగులే మంటిలో చేరి మరల ఈగలై లేచును. ఈగల నాకర్షించు ఎరబుట్టలు మందుల దుకాణములలో దొరకును. లోపల శుభ్రముగా నుండి కొనమాత్రము వాడినచో పుప్పొడి చేరలేదని గాని నీరు చాలలేదని గాని తెలియవలెను.

ఇంతవరకు కూర సంగతి. విత్తనపు సంగతి అంతకంటె పెద్దది, ప్రాణముతో ముడిపడినది.

ఆనపలో చేదుజాతి కలదు. తంబురాలకును నీటిబుర్రలకును వాడెడి గట్టికాయల తీగలలో చేదువి పెక్కులు. పాడుదొడ్లలోను కంచెలమీదను తనంతట మొలచినవానిలోను చేదు కనబడును. ఈ చేదు నాలుకకు మాత్రమే సంబంధించినది కాదు. కుకుర్బిటాసిన్ అను విషపదార్థము దీనికి కారణము. వండినను అది పోదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రజ్ఞుడు ఆరోగ్యమునకని త్రాగు ఆనపరసము చేదుగా నున్నను త్రాగి మరణించెను. పిమ్మట భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము ఈ విషయమును పరిశీలించి, కాయ ముక్కను ముందుగా రుచి చూడవలెననియు, చేదుగా నున్నచో పారవేయవలెననియు హెచ్చరించినది. చేదురసము త్రాగినవారికి కడుపునొప్పి, వాంతులు, విరేచనములు, నెత్తురు కక్కుట, రక్తపుపోటు పడిపోవుట కలుగును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. కాబట్టి కూరకైనను రసమునకైనను కాయ తరుగునప్పుడు చిన్నముక్కను నాలుకకు తాకించి, చేదైన ఉమ్మివేసి, కాయనంతయు పాతిపెట్టవలెను. పశువులకును వేయరాదు. ఇంత కాయ వృథా యగునే యని ఉప్పు, చింతపండు దట్టించి వండువారు కలరు. వారిమీద మాకు కోపమే.

తీపి విత్తనము నాటితిమి గదా, చేదు ఎక్కడినుండి వచ్చెననునది రెండవ ప్రశ్న. నీటియెద్దడివలనను తీవ్రమైన యెండవలనను కొంత చేదెక్కుట కద్దు. కాని తీగ యంతయు చేదైనచో తప్పు విత్తనములోనే యున్నది. రాత్రిపురుగు కంచెమీది చేదుపూవునుండి పుప్పొడి తెచ్చి మన తీగ పూవులో వేసెననుకొందము. ఆ యేడు ఆ కాయ చేదు కాదు, ఏలయన గుజ్జు తల్లితీగదే. అందలి గింజలలో మాత్రము తండ్రి పాలు కలియును. చేదు గుణము తీపిని అణచునది. రుచిగా నున్న కాయనుండియే తీసిన గింజలు నాటగా, మరుసటి యేడు తీగ చేదగును. కాయ రుచి చూచి విత్తనమును నమ్మరాదనుటకు కారణ మిదియే.

దీనికి విరుగుడు దారపుముక్క. విత్తనము కొరకు మంచి తీగమీద సాయంకాలము విచ్చబోవు ఆడుమొగ్గను, అదే జాతి మగమొగ్గలను ప్రొద్దు వాలకముందే గుర్తింపవలెను. ఆనాడు విచ్చునది కొన తెల్లబడి ఉబ్బియుండును. వాని కొనలను మెత్తని దారముతో కట్టి, లేదా చిన్న కాగితపు సంచి తొడిగి, ఏ పురుగును దూరకుండ చేయవలెను. చీకటి పడిన పిమ్మట విప్పి, మునుపు చెప్పినట్లు పుప్పొడి తాకించి, ఆడుపూవును మరల కట్టివేయవలెను. రెండు దినములు గడచిన పిదప కట్టు తీసి, కాడకు రంగుగుడ్డ పేలిక గట్టిన, ఇంటివారు మరచి కోయకుందురు. తీగకు ఒకటి రెండు కాయలకంటె విత్తనమునకు విడువరాదు. విడిచిన తీగ పూత తగ్గించును. కాబట్టి కూరకు కొన్ని కాయలు కోసికొన్న పిమ్మటనే విత్తనపుకాయను నిలుపుట మేలు. దుకాణమున కొన్న సంకరజాతి పొట్లపు విత్తనమునకు ఈ శ్రమ తగదు, దాని పిల్లలు తల్లివలె నుండవు. నాటుజాతులును, బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్కా బహార్, ఢిల్లీ పూసా సంస్థవారి పూసా నవీన్ వంటి రకములును దాచుకొనదగినవి.

విత్తనపుకాయ తీగమీదనే ముదిరి, పచ్చదనము పోయి, పెంకు గోటికి లొంగనంత గట్టిపడి, ఊపిన లోపల గింజలు గలగలలాడవలెను. పగులగొట్టి, నీటిలో తేలు తాలుగింజలను పారవేసి, మునిగినవానిని నీడలో ఆరబెట్టి, ఉదయపుటెండలో కొంచెము కాచి, పొడిబూడిదతో కలిపి మూత బిగువుగా నుండు సీసాలో పోయవలెను. సీసాపై రకము, ఊరు, సంవత్సరము వ్రాసిన చీటి యంటింపవలెను. సంఘపు గిడ్డంగిలో ఎరువుబస్తాల ప్రక్కన ఇట్టి సీసాలకు ఒక అర కేటాయించుట ఏ సంఘమునకును కష్టము కాదు. సభ్యుడు గుప్పెడు గింజలిచ్చి మరియొక జాతి గుప్పెడు తీసికొనవచ్చును. చేతితో పుప్పొడి వేసి కట్టిన కాయదా, తనంతట కాచినదా అనునది చీటిమీద తప్పక యుండవలెను. రెండవదానిని విత్తనముగా స్వీకరింపరాదు. నాటుటకు వారము ముందు సీసానుండి పది గింజలు తీసి తడిగుడ్డలో మొలకెత్తించి చూచి, ఏడింటికంటె తక్కువ మొలచినచో గుంటకు వేయు గింజలను ఆ మేరకు హెచ్చింపవలెను.